జొన్నపిండి గురించి మాలతి చెప్పని మాట

పొద్దున ఏడు గంటలకు వనపర్తిలోని ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు ఒక్క క్షణం ఆగాల్సిందే. వాకిట్లో చాపలు పరిచి ఆడవాళ్లు పుంటికూర, అదే గోంగూర, తెంపుతుంటారు. పోపు సామాను చిన్న చిన్న కాగితపు పొట్లాల్లోకి వెళ్తుంటుంది. పొట్లం కట్టినా జీలకర్ర వాసన ఆగదు, గాలిలో తేలుతూ వీధి దాకా వస్తుంది. కొత్త దంపతులు రోజా, శివకుమార్ సంచుల మూతులకు ఎర్ర దారం ముడులు వేస్తుంటారు. ఎవరి ముడి ముందు పడితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్ల ముక్కు మీద పసుపు. చూసినవాళ్లు, ఎంత చక్కని ఇల్లు అనుకుంటారు.

పాఠకులారా, ఆ ఇంట్లోనే, వంటింటి కిటికీ వెనక ఒక మనసు కుతకుతలాడుతోంది.

ఆమె మాలతి, ఆ ఇంటి పెద్ద కోడలు. పన్నెండేళ్లుగా ఆ పొయ్యి ఆమెదే. చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లి జరిగినా, "రొట్టెలకు మాలతిని పిలువుండ్రి" అనేవారు. రోజా చిన్న కోడలిగా వచ్చి ఏడు నెలలైంది. డిగ్రీ చదివిన పిల్ల, నాగర్‌కర్నూల్ దగ్గర కాలువ కింది ఊరు. పుట్టింట్లో రెండు పూటలా వరి అన్నమే. వచ్చిన నెలకే మాలతి వండే పప్పును చెంచాలతో కొలిచి కాగితం మీద రాసుకుంది. రెండో నెలలో "వండుకుందాం" అని పేరు పెట్టి చిన్న కంపెనీ మొదలుపెట్టింది.

తరిగిన కూరగాయలు, కడిగిన పప్పు, కొలిచిన కారం, నానబెట్టిన చింతపండు, ఎట్లా వండాలో రాసిన చీటీ, అన్నీ ఒక బట్ట సంచిలో పెట్టి ఇంటికి పంపుతారు. ఉద్యోగం కోసం ఒంటరిగా గదుల్లో ఉండేవాళ్లకు, పొయ్యి ముట్టించడం కొత్తగా నేర్చుకునే జంటలకు అది వరమే అయింది. అరగంటలో తమ చేత్తో వండుకుని వేడివేడిగా తినవచ్చు. మొదట వనపర్తిలో ఐదుగురు టీచర్లు అడిగారు. తరువాత వీధులకు వీధులు అడిగాయి. ఆ పైన సంచులు బస్సెక్కి నాగర్‌కర్నూల్ చేరాయి. చివరికి గద్వాల నుంచి దవాఖాన నర్సులు నలభై మంది ఒకేసారి అడిగారు.

రోజా ఎదిగిన కొద్దీ మాలతికి నిద్ర తగ్గింది. శివకుమార్ మేనత్త ఫోన్ చేసి, "మాలతీ, బాగున్నవా? రోజమ్మ ఉన్నదా, జర ఇయ్యి" అంటే ఆ "జర ఇయ్యి" రోజంతా చెవిలో మోగేది. పేపర్లో రోజా ఫొటో వస్తే అత్త మల్లమ్మ దాన్ని కత్తిరించి దేవుడి గూట్లో పెట్టింది. ఆ గూడు రోజూ తుడవాల్సింది మాలతి. తుడిచిన ప్రతిసారీ, 'ఆ పప్పు నాది గదా' అనుకునేది. బయట ఆ ఇద్దరి నవ్వు వినబడితే గిన్నెలు కావాలనే గట్టిగా పెట్టేది.

గద్వాల నర్సులు అడిగింది జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పని తేలికవుతుందని రోజా పది రోజుల ముందే గిర్నిలో జొన్నలు పట్టించి డబ్బాల్లో పోసింది. ఆ డబ్బాలు చూడగానే మాలతికి తెలిసిపోయింది. జొన్నపిండి పాతబడితే జిగట పోతుంది. ఎంత మరిగిన నీళ్లు పోసి కలిపినా రొట్టె చేతిలో విరుగుతుంది. జొన్న తినే ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. వరి తినే ఇంటి పిల్లకు తెలియదు.

రోజా పిండి చేత్తో పట్టుకుని వచ్చింది. "అక్కా, జర చూస్తవా? మంచిగున్నదా?"

మాలతి పిండిని వేళ్ల మధ్య నలిపింది. "నన్నేం అడుగుతవమ్మా? అన్నీ కాయితం మీద రాసుకున్నవ్ గద!"

"రొట్టె సంగతి నాకేం తెల్వదక్కా, అందుకే అడుగుతున్న."

"మంచిగనే ఉన్నది. పంపుకో" అంది మాలతి.

మర్నాడు గద్వాలలో నలభై పొయ్యిల దగ్గర రొట్టెలు విరిగాయి. ముక్కల ఫొటోలు రోజా ఫోన్ నిండా వచ్చి పడ్డాయి. "ఇది రొట్టెనా, అటుకులా?" అని ఒక నర్సు రాసింది. డ్యూటీ దిగి వచ్చి ఆకలితో పడుకున్నామని ఇంకొకామె రాసింది. సాయంత్రానికి గద్వాల మొత్తం వద్దంది. రోజా డబ్బాల ముందు కూర్చుని ఏడ్చింది. ఆ పూట మాలతి తాగిన చాయ్ ఎన్నడూ లేనంత తియ్యగా ఉంది.

మూడో రోజు పొద్దున రూతమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చింది. ఆత్మకూరు దగ్గరి కూలి కుటుంబం ఆమెది. ఏటా మేస్త్రీ వెంట పుణె పోయి ఇటుకలు మోసే మనిషి. గద్వాల సంచులు కట్టడానికే రోజా ఆమెను పెట్టుకుంది. ఈ ఏడు వలస తప్పిందని ఆమె బిడ్డను ఇక్కడే ఏడో తరగతిలో చేర్పించింది.

"పోతున్న మాలతక్కా. గద్వాల పని లేకపాయె. సోమవారం మేస్త్రీ బండి వస్తది."

"బిడ్డనో?"

"ఎవరి దగ్గర ఇడ్వాలె? నా ఎంటనే. బడి మానదంట, పొద్దటిసంది ముఖం మాడ్చుకుని కూసుంది." రూతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మాలతక్కకు పిండి సంగతి తెల్వదా అని అడిగిన రోజమ్మను. కోప్పడ్డది నా మీద. మా అక్కకు తెలిస్తే చెప్పకుండ ఉంటదా, గసొంటి మనిషి కాదు అన్నది."

మాలతి చేతిలోని గరిటె ఆగిపోయింది. రోజాను దెబ్బ కొట్టాననుకుంది ఆమె. ఆ దెబ్బ వెళ్లి ఏడో తరగతి చదివే పిల్ల పుస్తకాల సంచి మీద పడిందని ఇప్పుడే చూసింది.

ఆమె తిన్నగా వాకిట్లోకి వచ్చింది. రోజా, శివకుమార్, అత్త ముగ్గురూ అక్కడే ఉన్నారు.

"నాకు తెల్సు రోజా. పిండి పట్టుకున్నప్పుడే తెల్సు. కావాలనే చెప్పలే."

"ఎందుకు వదినా?" అన్నాడు శివకుమార్. రోజా ముఖంలో కోపం కన్నా నమ్మలేనితనమే ఎక్కువ ఉంది.

"అందరు నిన్నే అడుగుతుండ్రు. నన్ను మర్సిపోయిండ్రు. కడుపుల మంట పెట్టుకున్న" అంది మాలతి.

"పప్పు నీదే అక్కా" అంది రోజా. "చీటీ మీద నీ పేరు రాయకపోవుడు నా తప్పు. గని నువ్వు జేసింది మరువాల్నంటే నాకు జర టైమ్ పడతది."

"పట్టనియ్యి" అంది మాలతి. "ముందుగాల గద్వాల పోత."

శనివారం తెల్లవారగానే ఆమె గిర్ని ముందు నిలబడి జొన్నలు పట్టించింది. వేడి తగ్గని పిండిని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. కృష్ణ మీది బీచుపల్లి వంతెన దాటుతున్నప్పుడు కూడా ఆ మూట వెచ్చగానే ఉంది. నర్సులుండే మేడ మెట్ల దగ్గర పొయ్యి పెట్టించుకుని, "తప్పు రోజాది కాదు, నాది" అని అందరి ముందు చెప్పింది. తరువాత రొట్టె తట్టి చూపించింది. చందమామంత రొట్టె పొంగి పెనం మీద నిలిస్తే అటుకులన్న నర్సే మొదట చప్పట్లు కొట్టింది. సగం మంది మళ్లీ సంచులు కావాలన్నారు. మిగతా సగం నవ్వి లోపలికి వెళ్లిపోయారు. పోయిన నమ్మకం అంత త్వరగా తిరిగిరాదు.

ఆ సగం రూతమ్మకు సరిపోయింది. సోమవారం మేస్త్రీ బండిలో ఆమె భర్త మాసయ్య ఒక్కడే ఎక్కాడు. బిడ్డ బడికి వెళ్లింది.

మాలతి ఇప్పుడు గద్వాల సంచుల పిండి చూసుకుంటుంది. తోడికోడళ్ల మధ్య మాటలు ఇంకా కొంచెం ఆచితూచే నడుస్తున్నాయి. ఒక పూట ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని మల్లమ్మ ఇలా అంది:

"ఒకరు ఎదుగుతుంటే కడుపుల మండుడు మనిషికి సహజమే బిడ్డా, నాకూ మండేది వయసుల. గని ఎదిగేటోళ్ల నీడన ఎంతమంది కూసున్నరో సూడకుండ చెట్టు మొదలు నరకొద్దు. మనిషిని ముంచేటందుకు కత్తి ఎత్తనక్కర్లేదు, తెల్సిన మాట చెప్పకుండ ఊకుంటే చాలు. గట్ల ఊకునుడే అన్నిటికన్న పెద్ద పాపం."