సత్రంవాడి భార్య

క్రిస్మస్ నాటకం రాసే పని పాస్టర్ ప్రేమదాసుగారు ఆ ఏడూ రెబ్కా టీచరుకే అప్పజెప్పారు. పొదిలి దగ్గర ఆ పల్లెలో ఏటా ఆమే రాస్తుంది. ఏటా అదే గొర్రెల కాపరులు, అదే తెల్లచీర దేవదూత. ఈసారి కలం కదల్లేదు. పురిటి వేళ ప్రభువు తల్లికి చోటు లేదని తలుపేసిన ఆ సత్రంలో ఒక ఆడమనిషి ఉండే ఉంటుంది కదా, ఆవిడేమనుకుంది? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రెబ్కాకి అదే పట్టుకుంది.

మర్నాడు బడి వదిలాక ఊళ్ళో పెద్దరైతు ఇల్లాలు సుబ్బరావమ్మగారి అరుగు దగ్గర ఆగింది. అది ఎనభై నాలుగు, ఆ ఏడు పత్తి బాగా పండింది. వాళ్ళ గదుల్లో దూలాల దాకా పత్తి నింపి, ఇంటిల్లిపాదీ వసారాలో పడుకుంటున్నారు. సుబ్బరావమ్మ పత్తిలో చెత్త ఏరుతోంది.

"ఏం టీచరమ్మా, నిలబడిపోయావ్?"

"ఒకమాట అడుగుతానండీ. నెలలు నిండిన పిల్ల పొద్దుగూకే వేళ వచ్చి, ఈ పూటకి చోటిమ్మంటే ఏం చేస్తారు?"

సుబ్బరావమ్మ గబుక్కున లేచింది. "ఎక్కడుంది? నొప్పులు మొదలైనయ్యా?"

"కథలోనండీ," రెబ్కా నవ్వింది.

"అమ్మో, గుండె జల్లుమంది!" మళ్ళీ కూర్చుని, పత్తి చేతిలోకి తీసుకుంటూ అడిగింది. "ఇంతకీ ఎవరోళ్ళా పిల్ల?"

రెబ్కా నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో తనను ఈ అరుగు దాటి లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. అయినా కోపం కన్నా, జవాబు వినాలన్న ఆత్రమే ఎక్కువైంది.

"తెలియదనుకోండి."

"అబద్ధమెందుకు, తెలియకపోతే లోపలికి రమ్మనను. కొట్టంలో గడ్డి పరిపిస్తా. కానీ కన్ను మూతపడదు టీచరమ్మా. ఏ అలికిడైనా బిడ్డ ఏడుపే అనిపిస్తది."

రెబ్కా పరుగులాంటి నడకతో ఇంటికెళ్ళింది. ఆ వారమంతా రాసింది.

ప్రేమదాసుగారు చదివి, "ఇది గ్రంథంలో లేదు గదమ్మా," అన్నారు.

"అందుకే రాశానండీ."

ఆయన గడ్డం నిమురుకున్నారు. "సరే. కాపరుల్ని మాత్రం తియ్యొద్దు, తలపాగాలు కుట్టించేశాం."

క్రిస్మస్ సాయంత్రం చర్చి ముందు పందిట్లో నాటకం వేశారు. సత్రంవాడి భార్య వేషం వేసిన సంతోషకుమారి వేణ్ణీళ్ళ బిందెతో కొట్టం వైపు నడుస్తుంటే వెనక కూర్చున్నవాళ్ళు మోకాళ్ళ మీద లేచి చూశారు. జనం వెళ్ళిపోతుండగా, చివరన నిలబడి చూసిన సుబ్బరావమ్మ రెబ్కా దగ్గరికొచ్చింది.

"వేణ్ణీళ్ళు తీసుకెళ్ళటం బాగుంది. మరి అప్పుడన్నా లోపలికి తీసుకురాలేదేం ఆవిడ?"

"నాకూ తేలలేదండీ. మీరు చెప్పండి."

సుబ్బరావమ్మ అటూ ఇటూ చూసింది. తర్వాత చర్చి చాప మీదే చతికిలబడి, పక్కన చోటు చూపించింది.

"కూర్చో. ఆవిడకి భయం టీచరమ్మా. ఎవరంటే భయమో చెప్తా విను..."