రెండో వాయిదా

సలాబత్‌పురా వ్యాపారి పంపిన చీరల మూట విప్పుకొని, వెనుకవైపు వేలాడే దారాలు కత్తిరిస్తూ కూర్చుంది ఊర్మిళ. కత్తెర ఆడుతున్నంతసేపూ ఆమెకు అమ్మ ఊపిరి వినిపిస్తుంది. కత్తెర ఆగితే అదీ ఆగిపోతుంది. అందుకే ఈమధ్య చేతులు నొప్పి పుట్టినా ఆపడం లేదు.

అమ్మ మొన్న మే నెలలో కరాచీలో పోయింది. కరోనా. తమ్ముడు ఫోన్ తీసుకెళ్లి అమ్మ తలదిండు పక్కన పెడితే, ఊర్మిళ ఇక్కడ రొట్టెలు కాలుస్తూ ఆ ఊపిరి విన్నది. "ఫోన్ పక్కకు పెట్టు, రొట్టె మాడుతది" అన్నది అత్త నర్సవ్వ. ఊర్మిళ రొట్టె తిప్పింది. మళ్లీ ఫోన్ చెవికి ఆనించుకునేసరికి అవతల ఏడుపులు. అప్పటినుంచి డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే గోడవారన అమ్మ నిలబడి ఉంటుంది. ఏమీ అడగదు. చూస్తుంది, అంతే. అడిగినా బాగుండేది.

కరాచీలో తెలుగువాళ్లుంటారా అని వాళ్లుండే అమ్రోలిలో ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. దేశం రెండు ముక్కలు కాకముందే పనికోసం వెళ్లి, అక్కడే ఉండిపోయిన కుటుంబం ఊర్మిళది. దూరపు చుట్టరికం పట్టుకొని, కడోదరా మగ్గాల షెడ్డులో పనిచేసే రాజమల్లుకు ఆమెనిచ్చి చేశారు. కూతురు హారతి బడికి పోతున్నా, తల్లి మాత్రం ఇంకా ఆ దేశం మనిషే. వీసా పొడిగించిన ప్రతిసారీ మొగుడి సంతకం కావాలి. పౌరసత్వం కోసం పెట్టిన దరఖాస్తు ఆఫీసులోనే ఏళ్ల తరబడి పడి ఉంటే, తేల్చమని అహ్మదాబాద్ హైకోర్టులో కేసు వేశారు. "పేరు నీదే గని కొట్లాట నాది" అనేవాడు రాజమల్లు. వకీలమ్మ ఫోన్లన్నీ అతనికే వచ్చేవి. దరఖాస్తు నడుస్తున్నప్పుడు దేశం దాటితే ఇక్కడ ఉన్న ఏళ్ల లెక్క తప్పుతుందన్నారని, పెళ్లయ్యాక ఊర్మిళ ఒక్కసారి కూడా పుట్టింటికి పోలేదు.

ఇప్పుడు అమ్మ అస్థికలు కరాచీలో గుడి వెనక గదిలో కుండలో ఉన్నాయి. తమ్ముడికి ఇక్కడి వీసా రాదు. తెలివిలో ఉన్న చివరి రోజు అమ్మ ఒక్కటే అడిగింది. "నన్ను గంగ దాకా తీస్కపోవద్దు బిడ్డా. నీ ఊర్ల నది ఉన్నదంటివి గదా, అండ్లనే కలుపు. నీ ఇల్లన్న జూస్త."

ఆ మధ్యాహ్నం రాజమల్లు రాత్రి పాళీ చేసొచ్చి నిద్రపోతుండగా అతని ఫోన్ మోగింది. అతను లేవకపోతే ఊర్మిళ తీసింది. వకీలమ్మ. హిందీలో ఉత్సాహంగా చెప్పింది: ఫైలు సిద్ధంగా ఉందట, వచ్చే వాయిదాకు జడ్జి తప్పకుండా ఆర్డరు ఇస్తారు, పౌరసత్వం రాగానే పాత పాస్‌పోర్టు అప్పగించాలి.

"అప్పుడు నేను కరాచీ పోవచ్చా?"

"వాళ్ల వీసా దొరికితే. ఈ రోజుల్లో ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేరు."

"పాత పాస్‌పోర్టు మీద అయితే?"

పోయి రావడానికి అనుమతి అడగవచ్చు, సరిహద్దు మూసే ఉన్నా అప్పుడప్పుడు కొందరిని దాటిస్తున్నారు, కానీ తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, దరఖాస్తు మళ్లీ మొదటికి రావచ్చు అన్నది వకీలమ్మ.

"అయితే కేసు ఆపండి."

"మళ్లీనా? కిందటేడు కూడా మీరే ఆపమన్నారు కదా!"

"నేనా?"

"అత్తగారికి తుంటి విరిగింది, ఇల్లు కదల్లేను, ఇప్పుడే వద్దు అన్నారని మీ ఆయన చెప్పారు."

కిందటేడంటే మొదటి లాక్‌డౌన్. నర్సవ్వ బాత్రూములో జారిపడి మంచమెక్కిన కాలం. ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తిపోయడం, పక్క మార్చడం, ఆ మధ్యలోనే వంట, చీరల దారాలు. చూడవచ్చిన ఆడవాళ్లతో నర్సవ్వ మురిపెంగా అనేది: "కూతురు గిట్ల జేస్తదా? ఆ దేశం కెళ్లి తెచ్చుకున్నం, ఏడికి పోతది?" ఆ మాటను మెచ్చుకోలు అనుకుంది తను. అమ్మకు ఫోన్‌లో సంబరంగా చెప్పుకుంది కూడా. అమ్మ నవ్వలేదు. "కాయిదం ఎప్పుడొస్తదే?" అన్నది. కోర్టులు బందున్నాయి అమ్మా అని రాజమల్లు చెప్పిందే చెప్పింది ఊర్మిళ. అమ్మకు ఇంకా ఏడాది ఆయుష్షు ఉంది అప్పటికి.

వకీలమ్మతో మిగిలిన మాటలు పూర్తిచేసి, ఫోన్‌ను ఎక్కడిదక్కడ పెట్టింది.

సాయంత్రం అతనికి టీ ఇచ్చి అడిగింది. "కిందటేడు కేసు నువ్వే ఆపిచ్చినవా?"

రాజమల్లు తడబడలేదు. "ఆ, ఆపిచ్చిన. అమ్మ మంచంల ఉండె. కాయిదం రాంగనే నువ్వు కరాచీ అంటవ్. ఇంట్ల ఎవలు జూడాలె?" షెడ్డులో పాళీ మార్చుకున్న సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"కేసు ఆపమన్న. కరాచీ పోతున్న. అమ్మను తీస్కొస్త."

"ఏందే?" నర్సవ్వ కర్ర పట్టుకొని గడప దాకా వచ్చింది. "సచ్చినామె కోసం బతికున్న పిల్లను ఇడిచిపోతవా? అటు వోయినోళ్లను మళ్ల రానిస్తలేరట!"

ఆ మాట సూటిగా తగిలింది. అది అబద్ధం కాదు. హారతి పుస్తకం మూసేసి తల్లినే చూస్తోంది. "మమ్మీ, వాపస్ ఆయేగీ నా?"

ఊర్మిళ కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "వస్త బిడ్డా. ఎన్ని రోజులైతదో తెల్వది. గని వస్త."

"జర దిమాక్ పెట్టు ఊర్మిళా," రాజమల్లు గ్లాసు కింద పెట్టాడు. "ఇన్నేండ్లు తిరిగి ఇప్పుడు ఆపుతరా ఎవలన్న? రేపు వకీలుకు నేను ఫోన్ జేస్త, నడిపియ్యమని చెప్త."

"జెయ్యి. నా నోటితోని నేను చెప్పేదాక ఏదీ నడపనన్నది ఆమె. నువ్వు మీ అమ్మ కోసం ఆపినవ్. ఇప్పుడు మా అమ్మ కోసం నేను ఆపిన."