పలుగురాళ్ళ కుప్ప

అప్పటికే వెంకటనర్సు మైదానంలో సగం నడిచాడు. నడుము వంచి, చూపును కాళ్ళ ముందరి నేల మీద పెట్టి, ఎడమ చంకలో గంప ఒత్తుకొని నడుస్తున్నాడు. తెల్లగా పలుగురాయి కనబడితే బొటనవేలితో తట్టి చూస్తాడు. కదిలితే వంగి తీస్తాడు. కదలకపోతే కూర్చొని, మొలలో చెక్కుకున్న ఇనుప మేకుతో చుట్టూ గీకి పెకలిస్తాడు. రాయి తీసిన గుంతలో మన్ను పోసి మడమతో అదుముతాడు. మడమలు పగిలి, బీటలువారిన చెరువు మట్టిలాగా ఉన్నాయి.

ఒకనాడు నిలువునా, మరునాడు అడ్డంగా నడుస్తాడు. పడుగు, పేక. నేతపని మనిషికి ఏ పనికైనా తెలిసిన దారి అదే. ఇవాళ పేక.

ఆ నేల ఉత్త గరుసు. వాన పడిన ప్రతిసారీ పైమన్ను కొట్టుకుపోయి కొత్త రాళ్ళు తేలతాయి. సాయంత్రమైతే ఊరి పోరగాళ్ళు అక్కడ ఉత్త కాళ్ళతో ఫుట్‌బాల్ ఆడతారు. వెంకటనర్సు తమ్ముడు ఎల్లస్వామి కూడా అట్లాగే ఆడేవాడు, నైజాం కాలంలో. ఒకసారి గోల్ కొట్టబోయి పలుగురాయి మీద అరికాలు చీరుకున్నాడు. పసుపద్ది కట్టు కట్టారు. గెలిచామన్న సంబరంలో కుంటుకుంటూనే ఊరంతా తిరిగాడు. కొన్నాళ్ళకు దవడలు బిగుసుకున్నాయి, ఒళ్ళు విల్లులాగా వంగింది. పాలమూరు దవాఖానకని కట్టిన బండి సగం దారిలోనే వెనక్కి తిరిగింది.

దినాలు కాగానే వెంకటనర్సు గంప పట్టుకొని మైదానానికి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ జీతమియ్యలేదు. మొదట్లో జనం నవ్వారు. తరువాత చూడడం మానేశారు. అప్పటినుంచి ఆ మైదానంలో ఒక్క కాలు తెగలేదు. ఆ సంగతి ఊరికి తెలియదు. తెగని కాలును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఏరిన రాళ్ళు మాత్రం ఉత్తరపు గట్టున మనిషెత్తు కుప్పయ్యాయి. కొత్తకోట బస్సులో పోయేవాళ్ళకు కూడా ఆ తెలుపు కనబడేది.

ఇవాళ గంప సగానికి రాగానే ఎడమ రెక్క గుంజింది. నాలుగు రోజులుగా గుంజుతూనే ఉంది. గంపను గట్టున దించి ఇంటికి పోయాడు. భార్య లీలమ్మ వాకిట్లో కూర్చొని కండెలు చుడుతోంది. జొన్న గట్క ముందు పెట్టి, మొగుడి ముఖం చూసింది.

"రాళ్ళ కాడికి పోతే ఆకలుండదు, మగ్గం గుంటల దిగుమంటే రెక్క నొస్తది. జర ఇయ్యాల పండుకోరాదు?"

"నడుమ ఇడిసిపెడితె ఎట్ల? సగమే అయింది," అని మళ్ళీ లేచాడు.

దారిలో జాఫర్ హోటలు. చాయ్ తాగడానికి కాకపోయినా అక్కడ ఒక్క నిమిషం నిలబడడం వెంకటనర్సుకు అలవాటు. జాఫర్ ఎల్లస్వామికి జోడీగా ఆడినవాడు. హోటలు ముందు అప్పటికే పెద్ద జగడం నడుస్తోంది. మెల్బోర్న్‌లో ఒలింపిక్సు. ఫుట్‌బాల్‌లో మనవాళ్ళు సెమీఫైనలుకు వచ్చారు. ఇవాళే యుగోస్లావియాతో ఆట. సాయంత్రం రేడియో వార్తల్లోగాని ఫలితం తెలియదు.

బడిపంతులు రామచంద్రయ్య బస్సులో వచ్చిన పేపరును మోకాళ్ళ మీద పరచుకొని, కప్పు రష్యాదేనని తేల్చేశాడు. మనది గాలివాటం గెలుపన్నాడు. హంగరీ రాకపోబట్టి ఒక మెట్టు ఆడకుండానే ఎక్కామన్నాడు. జాఫర్‌కు ఒళ్ళు మండింది.

"ఆస్ట్రేలియా గూడ రాలేదా పంతులూ? గాళ్ళ ఊర్ల, గాళ్ళ మంది నడుమనే నాలుగు గోల్‌లు కొట్టిండ్రు. పట్నం పోరలున్నరు అండ్ల, యాదుంచుకో."

"పోయినసారి గీ యుగోస్లావియానే మనకు పది కొట్టింది. నువ్వు గది యాదుంచుకో."

పల్లికాయ వ్యాపారి రఘుపతి సేటు బల్ల మీద చెయ్యి చరిచాడు. ఊళ్ళో అతనికున్నంత ఆట పిచ్చి ఇంకెవరికీ లేదు. హోటలు రేడియోకు బ్యాటరీ తెప్పించింది కూడా అతనే. పోయినసారి మనవాళ్ళు ఉత్త కాళ్ళతో చలిలో ఆడారని, ఈసారి బూట్లున్నాయని, అయినా గెలుస్తారని తాను చెప్పలేనని అన్నాడు. ఎందుకు చెప్పలేడో కూడా చెప్పాడు.

"గా దేశాలల్ల ఊరికో మైదానముంటదట, పచ్చగ, పరుపు లెక్క. మన పోరగాండ్లకేడున్నది జాగా? ఆడెతందుకు జాగనే లేకపాయె, కప్పులేడికెల్లొస్తయి?"

అందరూ తలలూపారు. పంతులు కూడా ఊపాడు. వెంకటనర్సు కూడా ఊపాడు. అతనికి ఆ మాట ఎంతో నచ్చింది.

అప్పుడే బుచ్చయ్య ఎడ్లబండి తోలుకొని వచ్చి నిలిపాడు. రఘుపతి చాయ్ గుటక వేసి, బండివైపు తిరిగి మామూలుగా చెప్పాడు. మైదానం తన పేర పట్టా అయిందట. పల్లికాయ గోదాముకు రేపే పునాది. బయటినుంచి రాయి తేవలసిన పని లేదు, గట్టున పలుగురాళ్ళ కుప్ప సిద్ధంగా ఉంది, పొద్దుగూకేలోపు ఎత్తాలి. అంత చెప్పి, మళ్ళీ ఇటు తిరిగి, మన గోల్‌కీపర్ గట్టివాడైతే యుగోస్లావియా మూడుకు మించి కొట్టలేదన్నాడు.

వెంకటనర్సుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, మెల్లగా పోయి రఘుపతి ముందు నిలబడ్డాడు. ఆ మనిషి అట్లా ఎవరి ముందూ నిలబడగా ఊరు చూడలేదు.

"సేటూ, గిప్పుడే జాగ లేదంటివి."

రఘుపతి నవ్వాడు. "గది దేశం ముచ్చట, నర్సయ్యా."

"మరి గిదేడున్నది? దేశమవుతల ఉన్నదా?"

వెంకటనర్సు కుడి చెయ్యి చాచి చూపాడు.

"గా రాళ్ళు ఒక్కొక్కటి ఈ చేతితోని ఏరిన. పైస అడగలే. కాళ్ళు తెగొద్దని ఏరిన. గిప్పుడు నేనేరిన రాళ్ళతోనే నా తమ్ముడాడిన జాగ మీద గోడ పెడుతవా?"

రఘుపతి ముఖం ఎర్రబడింది. రాళ్ళకు కూడా హక్కుదారులున్నారా అని జనాన్ని అడిగాడు. ఏరమని ఎవరన్నారని వెంకటనర్సును అడిగాడు. తనకు ఆటంటే ప్రాణమని, కాని వానకు తడిసే పల్లికాయకు ప్రాణం అడ్డం పెట్టలేనని అన్నాడు. వెంకటనర్సు పంతులువైపు చూశాడు. పంతులు పేపరు తిరగేసి బల్గేరియా సంగతి చదవసాగాడు. జాఫర్ గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు. బ్యాటరీ రఘుపతిది, హోటలు జాగా కూడా రఘుపతిదే. కాసేపటికి యుగోస్లావియా మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. అందరికీ హాయిగా ఊపిరాడింది. ఎక్కడో సముద్రాలవతల పదకొండు మంది కోసం కొట్టుకునేంత రోషమున్న మనుషులకు, కూతవేటు దూరంలోని నేల కోసం ఒక్క మాట రాలేదు.

వెంకటనర్సు మైదానానికి పోయాడు. రాళ్ళ కుప్ప ఎక్కి, పైన కూర్చున్నాడు. బుచ్చయ్య బండి తెచ్చి కిందనే నిలిపాడు. దిగమని అడిగాడు. వెంకటనర్సు దిగలేదు. రెక్క పట్టి దించడానికి మనసొప్పక, సేటును అడిగి వస్తానని బండి మళ్ళించి, ఆ పూట తిరిగి రాలేదు. పోరగాళ్ళు వచ్చి ఆడుకొని పోయారు. నర్సన్న పైన కూర్చొని ఆట చూస్తున్నాడనుకున్నారు.

చీకటి పడే వేళకు జాఫర్ వచ్చాడు. చేతిలో చాయ్ గ్లాసు, పైన మూసిన సాసరు. పొద్దున మాట్లాడలేకపోయినవాడు ఇప్పుడు దూరం నుంచే మాట్లాడుతూ వచ్చాడు.

"ఓడినమన్నా, నాలుగొకటి. గని ముందల గోల్ మనోళ్ళదే. ఇన్నవా? ముందల మనోళ్ళే కొట్టిండ్రు."

వెంకటనర్సు కూర్చునే ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆని ఉంది. కుడి చెయ్యి ఎడమ రెక్కను పట్టుకొని ఉంది. జాఫర్ రాళ్ళు ఎక్కి, భుజం తాకి, గ్లాసు కింద పెట్టి, పక్కనే కూలబడ్డాడు.

మరునాడు బుచ్చయ్య బండి కట్టనన్నాడు. మనిషి పోయిన రాళ్ళు తన ఎడ్లు మొయ్యవన్నాడు. రఘుపతి దహనానికి కట్టెలు ఇప్పించి, కొత్తకోట నుంచి ఇంకో బండి పిలిపించాడు. ఆగింది ఒక్క రోజు. హోటలు ముందు ఆ రోజంతా మూడో చోటుకు బల్గేరియా ఎదురైతే ఏమవుతుందన్నదే మాట.

కుప్ప మొత్తం పునాదిలోకి పోయింది. గట్టు మీది గంపను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందులో సగానికి పలుగురాళ్ళు ఉన్నాయి. చేతికి గుచ్చుకోకుండా దాని అంచు చుట్టూ మగ్గం మీద మిగిలిన ఎర్ర నూలు చుట్టి ఉంది, బొటనవేలు పట్టే చోట మాత్రం అరిగి తెల్లబడి.