అత్తగారి గుండెనొప్పి

మొగుడి చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తుండగా బెల్ మోగింది. ఆదివారం పూట ఎవరై ఉంటారా అని లాయరమ్మ తలుపు తీస్తే ఎదురుగా క్లయింటు, చేతిలో యాపిల్ పళ్ళ సంచి. కుట్టుమిషన్ మీద బతికే మనిషి. మొగుడివాళ్ళ దగ్గర చిక్కుకున్న కూతుర్ని తెచ్చుకోవాలని కోర్టుకెక్కింది.

"మీ అత్తగారికి గుండెనొప్పి తగ్గిందా లాయరమ్మా? ఒకసారి చూసిపోదామని వచ్చాను."

గుండెనొప్పి మనిషి లోపలి గదిలో స్టూలెక్కి, అటక మీది దుప్పట్లు దించి దులుపుతోంది. ఆవిడ తుమ్మితే ఇప్పటికీ పక్కింటివాళ్ళు ఉరుమనుకుని ఆరేసిన బట్టలు లోపలేసుకుంటారు. అలాంటి మనిషిని కోడలు నిండు కోర్టులో మంచాన పడేసింది.

జరిగిందేమిటంటే, పోయిన వారం ఈ కేసులోనే ఎదుటి సాక్షిని క్రాస్ చెయ్యడానికి లేచేసరికి లాయరమ్మ గొంతు ఎటో వెళ్ళిపోయింది. చెవుల్లో ఒకటే హోరు. అది మొదటిసారి కూడా కాదు. కొన్ని నెలలుగా కోర్టు బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఊపిరి తీసుకుంటోంది. ఆ సంగతి చెబితే మొగుడు నవ్వాడు. "ఇంట్లో నామీద అప్పీలు మీద అప్పీలు వేస్తావు, అక్కడికెళ్ళేసరికి నోరు పడిపోతుందా?" డాక్టరు మాట ఎత్తితే మాత్రం నవ్వలేదు. "లాయరుకి మతి బాలేదని తెలిస్తే గుమాస్తా కూడా లేచి నిలబడడు. మరీ ఇబ్బందైతే మా అమ్మకి బాలేదని వాయిదా అడుగు. అత్తకి సేవ చేసుకోవాలంటే ఎవడు కాదంటాడు?"

అత్తగారికి గుండెనొప్పని చెప్పి అదే అడిగింది. కాదనడం అటుంచి, జడ్జిగారు కళ్ళద్దాలు తీసి, "ఈ రోజుల్లో ఇలాంటి కోడళ్ళు కూడా ఉన్నారన్నమాట" అని మెచ్చుకున్నారు. ఎదుటి లాయరు తలాడించాడు. ఇన్నేళ్ళ వాదనకి ఆ హాల్లో దొరకని మెప్పు, లేని రోగానికి దొరికింది. ఆమె తల నేలకి దిగిపోయింది. ఆ సిగ్గుని అందరూ వినయమనుకున్నారు.

"ఎవరమ్మాయ్?" అంటూ రోగి స్వయంగా, భుజాన దుప్పటితో, హాల్లోకొచ్చింది. పళ్ళ సంచిని చూసింది, కోడలి మొహం చూసింది. లోపలికి ఎంత వినపడిందో, ఎంత అర్థమైందో గానీ గుండె మీద చెయ్యేసుకుని సోఫాలో కూలబడింది. తొందరలో చెయ్యి కుడివైపు వేసింది.

"ఏం చెప్పమంటావు తల్లీ. యముడు గుమ్మం దాకా వచ్చాడు. మా కోడలు లా పాయింటు తీసేసరికి, చూసి చెబుతానని వెళ్ళిపోయాడు."

క్లయింటు కళ్ళు తుడుచుకుని నేల మీద కూర్చుంది. ముసలావిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నొక్కడం మొదలెట్టింది. "మీ ప్రాణం కన్నానా అమ్మా. వాయిదా పడింది గదా, పాపని ఇంకో నెల దాకా చూపించేది లేదన్నారు వాళ్ళు. నెలే కదా."

నెలే కదా. కోర్టులో పోయిన గొంతు లాయరమ్మకి అక్కడ తిరిగొచ్చింది, చాలా చిన్నగా.

"ఆవిడ కాళ్ళు వదిలెయ్యమ్మా. ఆవిడకేం లేదు. బాలేనిది నాకు. ఆ రోజు లేచి నిలబడితే భయంతో నోట మాట రాలేదు. అది చెప్పుకోలేక ఆవిణ్ణి అడ్డం పెట్టుకున్నాను."

నొక్కుతున్న చేతులు ఆగిపోయాయి. ముసలావిడ కాళ్ళు మెల్లగా వెనక్కి తీసుకుంది. క్లయింటు లాయరమ్మ మొహం వంక చూడకుండా కొంగు సర్దుకుంది. "మరి నా పిల్ల?" అంది.

తిట్టినా బాగుండేది.

"రేపు ముందు కోర్టుకెళ్తాను. వాయిదా తేదీ ఇంకా దగ్గరికి జరపమని అడుగుతాను. నీకు ఇష్టమైతే నా స్నేహితురాలు వాదిస్తుంది. పేపర్లన్నీ నేనే తయారుచేసి ఇస్తాను. సాయంత్రం డాక్టరు దగ్గరికెళ్తాను."

మొగుడు గదిలోంచి వచ్చి, ఆమెని వంటింటి వైపు లాక్కెళ్ళినంత పని చేశాడు. గొంతు తగ్గించి, "బుద్ధుందా? రేపు జడ్జి మొట్టమొదట మా అమ్మ ఎలా ఉందనే అడుగుతాడు. ఏం చెబుతావు?" అన్నాడు.

సిగ్గుతో మొహం ఇంకా మండుతూనే ఉంది. ఆమె దాన్ని దాచుకోలేదు.

"ఆవిడ బాగానే ఉంది, నేనెలా ఉన్నానో అడగండి అంటాను."