ఇంటి సాళ్లు, బజారు సాళ్లు

మందస దగ్గర ధర్మారావుకు ఎకరం వంగతోట ఉంది. పక్కనే జీడితోట, దాని వెనక కొబ్బరి. వంగతోట చివర నాలుగు సాళ్లు వేరుగా ఉంటాయి. వాటికి మందు కొట్టడు. ఆ కాయలు కాస్త మొరటుగా ఉంటాయి, పదింటిలో రెండు పుచ్చుతాయి. అవి ఇంటివాళ్ల కూరకు, తనకూ భార్యాపిల్లలకూ. మిగతా సాళ్లన్నీ బజారుకు. వాటికి వారానికోసారి మందు పడుతుంది, ఒక్కోసారి మందు కొట్టిన మర్నాడే కోత కూడా అయిపోతుంది.

ధర్మారావు దుర్మార్గుడని అనుకోకండి. ఎవరికైనా కష్టమొస్తే ముందు పరిగెత్తే మనిషి. వాళ్ల నాన్న అలా చేశాడు, చుట్టుపక్కల తనకు తెలిసినవాళ్లూ అలాగే చేస్తున్నారు, తనూ చేస్తున్నాడు. పైగా బజారులో నిగనిగలాడే కాయనే ఏరి సంచిలో వేసుకునేది మనమే కదా!

వారానికోసారి సముద్రపు ఒడ్డు నుంచి నూకమ్మ చేపల తట్టతో వచ్చేది. ఆ రెండిళ్ల మధ్య డబ్బు మాట లేదు. ఆమె తట్టలోంచి చేపలు తీసి పెడితే, ధర్మారావు అదే తట్ట నిండా వంకాయలు పోసేవాడు. అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న అలవాటు. ఆ ఉదయం కూడా నూకమ్మ నెత్తళ్లు తెచ్చింది. ధర్మారావు చెయ్యి అలవాటు కొద్దీ దగ్గరున్న బజారు సాళ్లలోకి వెళ్లింది. నిన్న సాయంత్రమే మందు కొట్టిన సాళ్లు.

మధ్యాహ్నం భార్య పైడితల్లి నెత్తళ్ల కూర వడ్డిస్తూ నూకమ్మ కబుర్లు చెప్పింది. నూకమ్మ కూతురు మోహిని పురిటికి వచ్చిందట.

"ముందు రెండూ నిలబడనేదు మావా. ఇది మూడోది. ఏడో నెలంట. ఏం పెట్టినా తినడం నేదంట, నిన్నటినించీ వంకాయ కూరే కావాలంటందంట," అంది.

ధర్మారావు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. పైడితల్లి అతని ముఖం చూసి, "ఏ సాళ్లలోయి ఇచ్చావేటి?" అని అడిగింది. అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. చివరి సాళ్లలో దొరికినన్ని కాయలు తువ్వాల్లో కట్టుకుని బండి తీశాడు.

ఆ కాయలు తింటే ఏమవుతుందో అతనికి తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఏమీ కాదన్న నమ్మకమే ఉంటే తన ఇంటికి వేరే సాళ్లు ఎందుకు? దారి పొడవునా ఆ ప్రశ్న అతన్ని పీక్కుతింది.

అతను వెళ్లేసరికి పొయ్యి మీద నుంచి కూర దిగింది. మోహిని కంచం ముందు కూర్చుని ఉంది. పాలిపోయిన ముఖంలో చాలా రోజులకు ఆకలి కనిపిస్తోంది.

"అప్పా, ఆ కూర పిల్లకి పెట్టకు," అన్నాడు ధర్మారావు నూకమ్మతో, గుమ్మంలోనే నిలబడి. "నిన్న మందు కొట్టిన కాయలు అయి. మేం తినం."

నూకమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె కింద పెట్టింది.

"మీరు తినరా? మరి ఇన్నాళ్లూ మాకిచ్చినయి?"

అతను తల వంచుకున్నాడు.

"నీ ఇంటికి తెచ్చేది ఐసుపెట్టెలో సేప కాదు తమ్ముడా," అంది నూకమ్మ. గొంతు పెంచలేదు. "పడవ ఒడ్డుకి రాగానే మా కూరకని వాటా తీసుకుంటాం. అందులోదే నీకు తెత్తన్నాను. మేం తినేదే నీకు పెడతన్నాను."

ఆమె కూరకుండ పెరట్లోకి పట్టుకెళ్లింది. కోళ్లు తింటాయేమోనని ఇసుకలో లోతుగా గొయ్యి తీసి పూడ్చింది. అది చూస్తూ నిలబడటం కంటే నాలుగు తిట్లు తినడం నయమనిపించింది ధర్మారావుకు. తర్వాత ఆమె చెయ్యి కడుక్కుని, అతని తువ్వాలు విప్పి ఆ కాయలు తరిగింది. కోపం కోపమే, పిల్ల ఆకలి పిల్ల ఆకలే.

ఆ పైరుకే ధర్మారావు మందు డబ్బా పక్కన పెట్టాడు. ఆవు పేడ, పంచితం, వేపాకు కషాయం మొదలయ్యాయి. మొదటి ఏడు కాపు సగానికి పడిపోయింది. పలాస బేరగాడు కాయను తిప్పి చూసి పెదవి విరిచాడు. ధర్మారావు తానే బుట్ట పెట్టుకుని మందసలో, ఒడ్డు మీది ఊళ్లలో అమ్ముకున్నాడు. తిన్నవాళ్లు రుచి చూసి మళ్లీ వచ్చారు. మందు పిచికారీ చేశాక వచ్చే తలనొప్పి పోయింది. తోటలోకి తేనెటీగలు తిరిగొచ్చాయి.

మోహినికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఒక్క పూట కూర మారడం వల్లే బిడ్డ నిలబడిందని నేను చెప్పను, అది డాక్టర్లు చెప్పాల్సిన మాట. నేను చెప్పేది ఒక్కటే. లారీ ఎక్కి పోయే కాయ ఎవరి కంచంలో పడుతుందో పండించినవాడికి తెలియదు. తెలియని చోట సిగ్గుండదు. మన ఊరి పంట మనం తింటే పండించేవాడికి మన ముఖం గుర్తుంటుంది, మనకు అతని తోట తెలిసి ఉంటుంది. సగం ఆరోగ్యం అక్కడే ఉంది.

మొన్న మందసలో, వంకాయలు కొనడానికి వచ్చిన నారాయణరావు మాస్టారు పుచ్చిన కాయను పక్కకు తోస్తూ, దిగుబడి పోగొట్టుకుని ఈ తంటా ఎందుకు పడుతున్నావని ధర్మారావును అడిగారు. అతను ఆ పుచ్చిన కాయను తన బుట్టలో వేసుకుని, దాని బదులు రెండు మంచివి ఇచ్చాడు.

"నా పిల్లకి పెట్టలేనిది ఇంకొకలి పిల్లకి కూరని అమ్మితే, అది వెవసాయం కాదు మాస్టారూ," అన్నాడు.