ఆదివారం సెలవు

ఆ గురువారం పొద్దున్న నేను చపాతీ పిండి కలుపుతుంటే మా ఆయన అమృతరావు వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాడు: "సంతకవే కదా పుష్పా. పెట్టీసి రా. ఎవరి కోసమో నువ్వు నలిగిపోడం దేనికి?"

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "రోగులకి సేసిన సేవలో సగం నాకు సేస్తే సాలు."

ఆమెకు స్నానం చేయించి, కాళ్ళకు నూనె రాసి, వంట ముగించి, బాక్సులు సర్ది నేను ఆస్పత్రికి పరిగెత్తేసరికి రోజూ ఏడున్నర. రాయగడలోని ఆ ప్రైవేటు ఆస్పత్రిలో పద్నాలుగేళ్ళుగా నర్సుని. పనంటే నాకు విసుగు లేదు. జ్వరం దిగిన మనిషి నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడు కలిగే తృప్తి ఇంట్లో నాకెప్పుడూ దొరకలేదు. భయమంతా ఇన్‌చార్జి హేమమాలిని గారంటే. ఆవిడ గొంతు పెంచదు. ఎదురు చెప్పినవాళ్ళని పేరు పెట్టి పిలవడం మానేస్తుంది, అంతే. మా అమ్మ పోయినప్పుడు నేను ఇంకో రెండు రోజులు సెలవు అడిగాను. తిరిగొచ్చాక మూడు నెలల పాటు, నేను టీ గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. అందరూ మంచివాళ్ళే. కానీ డ్యూటీ చార్టు వేసేది ఆవిడ, ఎవరి డ్యూటీ వాళ్ళకి ముఖ్యం. ఆ మూడు నెలలూ నేను అక్కడ ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చేది.

ముందురోజు, బుధవారం, ఆరో నంబరు మంచం మీది ముసలమ్మకు, మందు పడుతుందో లేదో టెస్టు చెయ్యకుండానే ఇంజెక్షన్ చేసింది హేమమాలిని గారే. నేను పక్క మంచం దగ్గర బీపీ చూస్తున్నాను. ముసలమ్మకి మందు పడక మొహం ఉబ్బిపోయింది. ఊపిరాడక గిలగిల్లాడి, ఎలాగో బతికింది. సాయంత్రం రాసిన కాగితంలో మాత్రం ఇంజెక్షన్ చేసింది శాలిని అని ఉంది. దాని మీద సాక్షిగా నన్ను మర్నాడు సంతకం పెట్టమన్నారని ఆ రాత్రే మా ఆయనకి చెప్పాను. శాలిని పద్మపూర్ పిల్ల, చేరి ఐదు నెలలు. "టెస్టు చేసేరా మేడం?" అని అందరి ముందూ అడిగింది తనే.

గురువారం డ్యూటీకి వెళ్ళగానే హేమమాలిని గారు పెన్ను అందిస్తూ, "నువ్వు చూసేవు కదా పుష్పా," అంది, ఎంతో ప్రేమగా.

పెట్టేశాను.

సాయంత్రానికి శాలినిని తీసేశారు. శుక్రవారం చార్టులో నా పేరుకెదురుగా ఆదివారం సెలవు. తొమ్మిదేళ్ళు బతిమాలినా దొరకనిది. అమృతరావు నవ్వేడు. "సూసేవా, ఎంత సుళువో?"

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి అందరితో పాటు లేచాను. రొట్టె కోసం చెయ్యి చాపాలి. చెయ్యి రాలేదు. వరుసలోంచి తప్పుకుని బయటికొచ్చి, ఎదుటి కొట్లో తెల్ల కాగితాలు కొని, ఆ కొట్టు బల్ల మీదే జరిగింది జరిగినట్టు రెండుసార్లు రాశాను.

శాలిని అద్దె గది స్టేషన్ వెనక. బట్టలు సంచిలో కుక్కుతోంది. లోపలికి రమ్మనలేదు. కాగితం ఇస్తే గుమ్మంలోనే నిలబడి చదివింది.

"ఇది బయటెడితే మీ ఉద్యోగం పోతాదక్కా."

"తెలుసు. రెండోది రేపు నేనే ఆస్పత్రి ఓనరు సేతికిస్తాను."

"నన్ను తీసేసిన్నాడు నా మొకం కేసి ఒక్కసారీ సూళ్ళేదు మీరు."

"సూళ్ళేదమ్మీ."

ఆ పిల్ల కాగితం మళ్ళీ మొదటినుంచీ చదివి, నా సంతకం కింద వేలు పెట్టింది.

"తారీకు ఎయ్యలేదు."

కాగితాన్ని గోడకి ఆనించి, వేశాను.