కనకవల్లి రాసిన నవలలు

కొత్త చీర మడత విప్పాలంటే భారతీదేవి ముందు చనిపోయిన మనిషిని అడగాలి. చీరకి పసుపు బొట్టు పెట్టి, కనకవల్లి ఫొటో ముందుంచి, మల్లెపూలు వేసి, "అక్కా, కట్టుకుంటున్నా" అని చెప్పి, కాసేపాగి తీసుకోవాలి. రెండో పెళ్ళాంగా వచ్చిన పిల్లకి ఇది తప్పదని అత్తగారు దుర్గాంబ పెళ్ళినాడే చెప్పింది. మంగళసూత్రాల పక్కన, మొదటి కోడలి గుర్తుగా చిన్న వెండి బిళ్ళ కూడా కట్టించింది. "అడక్కుండా ముట్టుకున్నావో, అది ఊరుకోదమ్మాయ్" అంది. ఒకసారి అడక్కుండా పూలు పెట్టుకున్న మర్నాడే భారతికి జ్వరం వచ్చింది. ఆ రెంటికీ సంబంధం లేదని ఆమె బుద్ధికి తెలుసు. మెడకి మాత్రం తెలియలేదు. ఆ బిళ్ళ జగ్గయ్యపేట ఎండల్లో కూడా చల్లగానే ఉండేది.

మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిని పడుకున్నాక డాబా మీద మిరపకాయలకి కాపలా కూర్చోవటం భారతి వంతు. కోతులొచ్చినా మబ్బు పట్టినా ఆమే చూసుకోవాలి. ఆ ఘాటులో కూర్చుని ఆమె ప్రేమకథలు రాసేది. ఆమె నాయకులు కత్తియుద్ధాలు చేసేవాళ్ళు కారు. అన్నం తిన్న కంచం తామే తీసేవాళ్ళు, "నువ్వు తిన్నావా?" అని భార్యని అడిగేవాళ్ళు. లోకంలో ఎక్కడా లేని మగవాళ్ళని సృష్టించటమే గదా నవలంటే! అద్దె పుస్తకాల షాపుల నుంచి ఆ నవలలు తెచ్చుకున్న ఆడపిల్లలు సరిగ్గా ఆ ఘట్టాల దగ్గరే పేజీ మూల మడిచేవారట.

మొదటి నవలని బెజవాడలో ప్రచురణకర్తలెవరూ వేయటానికి ఒప్పుకోలేదు. పుట్టింటివారు పెట్టిన గాజులు అమ్మి, నందిగామలో ఏసురత్నం ప్రెస్సులో సొంతంగా అచ్చు వేయించుకుంది. భర్త కుటుంబరావు హైస్కూల్లో మాస్టారు. వద్దనలేదు. "ఇంటి ఆడదాని పేరు అద్దె షాపుల్లో చేతులు మారటం బావుండదే. కనకవల్లి అని వేయించు. పోయినదానికి పరువు పోయేదేముంది?" అన్నాడు. వద్దననందుకే పొంగిపోయి, ఆ మాటలో ఉన్న ముల్లు ఆమె చూసుకోలేదు.

అలా మూడు నవలలు వచ్చాయి. రాస్తున్నప్పుడు వీపు వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టుండేది. తిరిగి చూస్తే ఎర్రగా పరుచుకున్న మిరపకాయలు తప్ప ఏమీ ఉండేది కాదు. మూడో నవలలో నాయిక నవ్వొస్తే పమిట చెంగు పళ్ళ మధ్య బిగించి, గోడ వైపు తిరుగుతుంది. చదివి వినిపిస్తుంటే దుర్గాంబ చేతిలో వక్కలు జారిపోయాయి. "అది అట్లాగే నవ్వేది. నీకెవరు చెప్పారు?" భారతికి ఎవరూ చెప్పలేదు.

అరవై మూడులో నందిగామ గ్రంథాలయం వార్షికోత్సవానికి కనకవల్లిగారిని సన్మానిస్తామని కబురొచ్చింది. "నేను చూసుకుంటాలే" అన్నాడు కుటుంబరావు. ఆడవాళ్ళ వైపు బెంచీ మీద భార్యని కూర్చోబెట్టి, తను వేదిక ఎక్కాడు.

"ఈ నవలలు కీర్తిశేషురాలు నా మొదటి భార్య కనకవల్లి రాసి దాచుకున్నవి. ఆమె పోయాక పెట్టె తెరిస్తే కనబడ్డాయి" అన్నాడు. శాలువా కప్పించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. పక్కనున్న అమ్మాయి భారతి చెయ్యి పట్టుకుని, "ఎంత పుణ్యాత్మురాలండీ పాపం" అంది. భారతి మెడ మీద చెయ్యి వేసుకుంది. చల్లటి బిళ్ళ కింద తన నాడి కొట్టుకుంటోందో లేదో వెతుక్కుంది. బతికుండగా తన సంతాపసభకి తనే వచ్చి కూర్చుంది.

ముందు వరసలోంచి ఒక పెద్దావిడ అడిగింది. "మాస్టారూ, ఆవిడకి ఏ పూలంటే ఇష్టమండీ?"

కుటుంబరావు పైకప్పు వైపు చూశాడు. "ఆడవాళ్ళకి ఏ పూలైతేనేమండీ, అన్నీ ఇష్టమే" అన్నాడు. అందరూ నవ్వారు. నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి గురించి అతనికి తెలిసింది అంతే. తన గురించీ అంతకన్నా తెలియదని భారతికి ఆ క్షణాన అర్థమయింది.

తిరుగు బస్సులో శాలువాని ఒళ్ళో మడుచుకుంటూ అతను, "నువ్వు రాశావంటే రేపు నిన్ను ఎక్కిస్తారు స్టేజీ. ఇట్లా అయితే గౌరవం ఇంట్లోనే ఉంటుంది. ఇక ముందు రాసేవి కూడా పెట్టెలోవేనంటే సరి" అన్నాడు. ఆమె కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చుంది.

మర్నాడు మిరపకాయల తొడిమలు తీస్తూ అడిగింది. "అత్తయ్యా, అక్కకి ఏ పూలిష్టం?"

దుర్గాంబ చేతులు ఆగిపోయాయి. "దానికి పూలు పడేవి కాదమ్మాయ్. మల్లెపూలు పెడితే ఒకటే తుమ్ములు. చెప్తే మావాడు వింటేగా, రోజూ తెచ్చి పెట్టుకోమనేవాడు." ఇంకో కాయ అందుకుంటూ మళ్ళీ అంది. "దాన్నెవరూ అడగలేదులే."

చచ్చాక కూడా ఇన్నేళ్ళుగా ఫొటోకి మల్లెపూలే వేస్తున్నారు. భారతికి ఏడుపొచ్చింది. తను భయపడింది చీరలో వాటా అడిగే దయ్యానికి కాదు, తనలాగే ఎవరూ ఏమీ అడగని ఒక ఆడదానికి.

నాలుగో నవల ప్రూఫులు వచ్చాయి. పేరుండే మొదటి పేజీకి అచ్చు అక్షరాలు అన్నిటికన్నా ఆఖర్న కూర్చటం ఏసురత్నం పద్ధతి. భారతి ఫొటో మీది మల్లెదండ తీసేసింది. ప్రూఫులకి పసుపు బొట్టు పెట్టి ఫొటో ముందుంచింది.

"అక్కా, నీ పేరు నీకిచ్చేస్తున్నా. నా పేరు నేను తీసుకుంటున్నా."

కాసేపాగింది. వీపు వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంది. ఈసారి తిరిగి చూడలేదు. ప్రూఫులు తీసుకుని నందిగామ బస్సెక్కింది.

"మాస్టారికి తెలుసాండీ అమ్మగారూ?" అన్నాడు ఏసురత్నం.

"భారతీదేవి అని కూర్చండి" అంది.

పుస్తకాల కట్ట ఇంటికొచ్చిన రోజు కుటుంబరావు అట్ట చూశాడు. అన్నంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఎవర్నడిగి వేయించావే నీ పేరు?" అన్నాడు.

భారతి అప్పుడే తనకీ కంచం పెట్టుకుని, అతనికి ఎదురుగా కూర్చుంది.

"అక్కనడిగానండి."